కుడి మోకాలి మాసిక

మా మామగారిలో ఒకే ఒక్క లోపం ఉంది. ఆయన ఎప్పుడూ తప్పు చేయరు.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళలో గడియారాలు వెనకబడ్డాయి, వాన చెప్పాపెట్టకుండా వచ్చింది, పాలు వాటంతటవే పొంగిపోయాయి, గుమ్మాలు ఆయన తలకు ఎదురొచ్చాయి. ఆయన మాత్రం ఎక్కడా పొరబడలేదు. ఒకసారి ఎవరింటికో వెళ్ళి ఇంకెవరివో చెప్పులు వేసుకొచ్చారు. ఒక సైజు చిన్నవి. "నావే. పాదం వాచింది" అన్నారు. అనడంతో ఆగలేదు. మర్నాడు డాక్టరు దగ్గరకు వెళ్ళి పాదం చూపించుకుని, వాపుకు మాత్రలు తెచ్చుకుని, ఐదు రోజులు మింగారు. ఆ చెప్పులు ఆరేళ్ళుగా ఆయన కాళ్ళకే ఉన్నాయి. ఇప్పుడు సరిపోతున్నాయి కూడా. మందు పనిచేసిందని ఆయన వాదన, తోలు సాగిందని నా అభిప్రాయం. అభిప్రాయమని ఎందుకన్నానంటే, నేనది పైకి అనలేదు.

ఇది ఫిర్యాదు కాదని చెప్పను. ఫిర్యాదే. కానీ ఆ మనిషి మామూలు మనిషి కాదని కూడా చెప్పాలి.

మా ఇంటి కింది అంతస్తంతా ఒకటే హాలు. అందులో నలభై నాలుగేళ్ళుగా మామగారు ఒక విద్య నేర్పుతున్నారు. చేతిలో కర్ర గానీ కత్తి గానీ లేకుండా ఎదుటివాడి చొక్కా పట్టుకుని నేలకు దించే విద్య. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊళ్ళూళ్ళా హాళ్ళు పెట్టారు. వాళ్ళ శిష్యులు మరికొన్ని పెట్టారు. ఎక్కడెక్కడో, ఆయన మొహమైనా చూడని పిల్లలు, ఆయన ఎక్కడ పెట్టమన్నారో అక్కడే కాలు పెడతారు. హాల్లో ఎదురుగోడకు ఆయన గురువుగారి ఫోటో ఉంటుంది. చాలా పొడుగు మనిషి. ఫోటోలో కూడా తల చట్రానికి తగులుతుందేమో అన్నట్టుంటారు. ఫోటో కింద ఒక నల్ల చెక్క బోర్డు. నేర్పడానికి అర్హత వచ్చినవాళ్ళ పేర్లు తెల్ల రంగుతో దాని మీద రాసుంటాయి.

ఆ బోర్డెక్కడం అంత తేలిక కాదు. తనకంటే తలెత్తు పొడుగున్న మనిషిని 'పెద్ద విసురు'తో పడగొట్టాలి. వేసవికి ఒక్కసారే అవకాశం. మూడు వేసవులు, మూడుసార్లు. మూడోసారీ తప్పితే జీవితాంతం సాధన చేసుకోవచ్చు గానీ ఎవరికీ నేర్పకూడదు.

మా ఆయన తన పద్దెనిమిదో ఏట, పందొమ్మిదో ఏట, ఇరవయ్యో ఏట వరసగా మూడుసార్లూ తప్పారు. ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్నారు. చీమ తలంత స్క్రూలు బిగిస్తూ, "నా చేతికి తగ్గ పని ఇదే" అంటారు. హాలు గుమ్మం దాటి లోపలికి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి అప్పటికి రెండు వేసవులు తప్పింది. పందొమ్మిదేళ్ళది, అయిదడుగులది, ఒకచోట నిలవదు గనక మిడత అంటాం. దానికి నేర్పడమంటే ప్రాణం. డాబా మీద పాత దుప్పట్లు పరిచి వీధిలోని చిన్నపిల్లలకు దెబ్బ తగలకుండా పడడమెలాగో అప్పటికే చూపిస్తోంది. "పడడం నేర్పడానికి బోర్డు అక్కర్లేదు కదా తాతయ్యా" అని ముందే లాయరులా అడిగి పెట్టుకుంది కూడా. పడగొట్టడం నేర్పాలంటే మాత్రం ఈ వేసవే ఆఖరు.

ఆ వేసవిలోనే మామగారికి పుస్తకం రాయాలని బుద్ధి పుట్టింది. తనకు తెలిసిందంతా ఇరవై అధ్యాయాల్లో పెట్టి అన్ని హాళ్ళకూ పంపాలని. ఆయన చెప్పడం, నేను రాయడం. "నీ దస్తూరీ బాగుంటుందమ్మాయ్" అన్నారు. అది పొగడ్తో, పనో చాలాసేపటి వరకు తెలియలేదు.

రోజూ మధ్యాహ్నం వంటింటి గిన్నెలు సర్దేసి కూర్చునేదాన్ని. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని చెప్పేవారు. చెప్పే విషయాలు మాత్రం అద్భుతంగా ఉండేవి, ఒప్పుకోవాలి. ఊపిరి తీసేటప్పుడు మనిషి తేలికవుతాడని, భయపడినవాడు ముందు భుజాలెత్తుతాడని, ఎదుటివాడు ఎటు పడాలనుకోవడం లేదో అటు కాదు, ఎటు వెళ్ళాలనుకుంటున్నాడో అటే పంపాలని. వింటూ వింటూ ఒక్కోసారి రాయడం మరిచిపోయేదాన్ని.

పద్నాలుగో అధ్యాయం దగ్గర ఆయన కళ్ళు తెరిచి, నిటారుగా కూర్చున్నారు.

"రాయి. పెద్ద విసురు. ఎడమ చేత్తో ఎదుటివాడి మెడ వెనక కాలరు పట్టుకోవాలి. కుడి పాదం అతని రెండు పాదాల మధ్య దించాలి. వీపు వంగకూడదు. నడుము మీదికి తీసుకుని విసరాలి." కాసేపు ఆలోచించారు. "మోకాళ్ళ గురించేమీ రాయకు. వాటికక్కడ పనేం లేదు."

అప్పుడే మిడత మెట్లెక్కి వచ్చి ఒక ముతక తెల్ల చొక్కా నా ఒళ్ళో పడేసింది. మెడ దగ్గర జానెడు చిరిగింది.

"మళ్ళీ కాలరేనా?"

"బీరువా బాబాయ్ మెడ అందాలంటే స్టూలెక్కాలమ్మా. అందుకునేసరికి నేను మునివేళ్ళ మీదుంటాను. ఆయన హాయిగా నిలబడి, ఇవాళ భోజనంలోకి ఏంటి అని అడుగుతున్నాడు."

బీరువా అంటే మామగారి పెద్ద శిష్యుడు. బస్సు డ్రైవరు. ఆరడుగుల ఎత్తు, తలుపంత వెడల్పు. హాల్లో అందరూ పిలిచి పిలిచి, ఇప్పుడు అతనే ఫోనెత్తి "బీరువాని మాట్లాడుతున్నా" అంటాడు. పరీక్షలో మిడత పడగొట్టాల్సింది అతన్నే.

"ఎత్తు కాదే, పట్టుదల" అన్నారు మామగారు. "నీకంటే నేనెంత పొడుగు? రెండంగుళాలు. వాణ్ణి పద్నాలుగేళ్ళు విసరలేదూ? వాడి కంటే లావు వాళ్ళని విసరలేదూ?"

అది కాదనడానికి లేదు. ఎందుకంటే ఆయన నిజంగానే విసిరారు. ఆరేళ్ళ కిందట కుడి మోకాలు అరిగిపోయి మానేసేదాకా ఆ చిన్న మనిషి చేతిలో ఎంతెంత వాళ్ళు గాల్లోకి లేచారో నేను మెట్ల మీంచి కళ్ళారా చూశాను. మోకాలు అరగడం కూడా ఆయన తప్పేం కాదు లెండి. మెట్లు ఎత్తుగా కట్టారట.

*

హాలు చొక్కాలన్నీ బాగుచేసేది నేనే. ఆ చొక్కా కాలరుకు మాసిక వేయాలంటే అలాంటి దళసరి గుడ్డే కావాలి. అది దొరికేది మామగారి పాత లాగుల్లోనే. ఆయన సాధన మానేశాక అవి నా రాజ్యంలోకి వచ్చాయి. కొన్ని మూటలో ఉన్నాయి, ఒకటి నేల తుడిచే గుడ్డయింది.

మూట విప్పి ఒక లాగు పరిచాను. కుడి మోకాలి దగ్గర మూడు మాసికలు, ఒకదాని మీద ఒకటి. నేను వేసినవే, నా కుట్టు నేను గుర్తుపట్టనా. ఎడమ మోకాలు మాత్రం దుకాణం నుంచి నిన్న తెచ్చినట్టుంది. రెండోది పరిచాను. అంతే. మూడోదీ అంతే. లేచి వెళ్ళి బకెట్టు మీదున్న నేలగుడ్డ పిండి చూశాను. కుడి మోకాలికి రెండు మాసికలు, ఎడమదానికి ఒక్క పోగూ లేవలేదు.

మూట అడుగున బీరువా పాత చొక్కాలు రెండున్నాయి, మామగారు అతన్ని విసిరే రోజులవి. కాలర్లు చెక్కుచెదరలేదు. రెండింటికీ మోచేతి దగ్గరే చిరుగు, దాని మీద నా మాసిక.

నేను నేల మీద ఆ గుడ్డల మధ్య చాలాసేపు కూర్చున్నాను. గుడ్డకు మాసిక వేసింది నేనే. ఆ మోకాలికి వేడినీళ్ళ సంచీ అందించింది నేనే. ఇన్నేళ్ళలో రెండింటినీ ఒకసారైనా పక్కపక్కన పెట్టి ఆలోచించలేదు. పైగా కాలేజీలో నేను చదివింది భౌతికశాస్త్రం. ఆ చదువు ఈ ఇంట్లో గ్యాస్ సిలిండరు జరపడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదని అప్పుడప్పుడూ వాపోతుంటాను. నిండు సిలిండరును నేను ఎత్తను. ఎత్తలేను. కిందికి వంగి, అడుగున పట్టు చూసుకుని, ఒరిగించి దొర్లిస్తాను. పొట్టివాళ్ళకు వేరే దారి లేదు.

మర్నాడు పొద్దున్నే బీరువా కనపడగానే మెట్ల దగ్గర ఆపాను.

"మామయ్య నిన్ను విసిరేటప్పుడు ఎక్కడ పట్టుకునేవారు?"

"కాలరేగా వదినా. పద్నాలుగేళ్ళు ఆయన చేతిలో పడ్డవాణ్ణి, నాకు తెలీదా?"

"చూశావా?"

"చూడ్డానికి నేను గాల్లో కదా ఉంటాను! సీలింగు ఫ్యాను తప్ప ఏం కనపడేది కాదు. రెక్కల మీద దుమ్ముందని మీకు చెప్పింది నేనే, గుర్తులేదా?"

"మరి మిగతావాళ్ళు?"

"వాళ్ళందరూ నన్ను చూసేవాళ్ళు. ఇంత శాల్తీ గాల్లోకి లేస్తుంటే కింద ఆయన ఏం చేస్తున్నాడో ఎవరిక్కావాలి?"

"మరి నీ చొక్కా మోచేతి దగ్గరెందుకు చిరిగేది?"

ఆలోచించాడు. "స్టీరింగు వల్లనుకున్నాను."

"ఈ చొక్కా వేసుకుని బస్సు నడుపుతావా?"

బీరువా తల గోక్కున్నాడు. గోక్కుంటూనే హాల్లోకి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం కాగితాలు ముందేసుకుని, గొంతు వీలైనంత మెత్తగా పెట్టుకుని అడిగాను. "మామయ్యా, పద్నాలుగో అధ్యాయంలో మోకాలి గురించి ఒక్క ముక్క రాయమంటారా?"

"ఏ మోకాలు?"

"కుడిది. మీ లాగులన్నీ అక్కడే చిరిగాయి."

"మోకాలు వేసేవాడు విసరడమ్మాయ్, దండం పెడతాడు. మా గురువుగారు చెట్టంత మనిషి. ఒక్కసారైనా వంచారా?"

"చెట్టంత మనిషి కాబట్టే వంచలేదేమో."

ఆయన కళ్ళు తెరిచారు. కోపం రాలేదు, అదే చిక్కు. నా మీద జాలి వచ్చింది. "కుట్టుపనికీ కుస్తీకీ తేడా ఉంది తల్లీ. ఆ విసురు ఆయనది. నేను దాన్ని వెంట్రుకవాసి కూడా మార్చకుండా మోసుకొచ్చాను. నా బతుకులో నేను చేసిన గొప్ప పని అదొక్కటే. రాయి."

రాశాను. పద్నాలుగో అధ్యాయం మాత్రం పెన్సిలుతో రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకోరు గనక ఆ తేడా తెలియదు. కొడుకు షాపులో వందల జతలున్నా పెట్టుకోరు. చూపు తగ్గలేదట, అక్షరాలే సన్నగా అచ్చు వేస్తున్నారట.

*

పెద్దవాళ్ళతో వాదించకూడదని మా అమ్మ నేర్పింది. బట్టలు ఆరేయకూడదని నేర్పలేదు.

ఆ మూడు లాగులూ ఉతికి, మెట్లకు అడ్డంగా తీగ కట్టి ఆరేశాను. మాసికలు బయటికి కనపడేలా. మామగారు హాల్లోకి దిగాలన్నా ఎక్కాలన్నా వాటి కిందినుంచే తల వంచుకుని వెళ్ళాలి. మూడు రోజులు ఊరుకున్నారు. నాలుగోరోజు, "ఈ పాత గుడ్డలెప్పటికి ఆరతాయి?" అన్నారు. "ముతకవి కదా మామయ్యా, టైం పడుతుంది" అన్నాను. బయట ఎండ కొలిమిలా మండుతోంది.

ఇంకో పని కూడా చేశాను. మిడత పరీక్షకని కుట్టిన కొత్త లాగుకు, కుడి మోకాలి మీద రెండు పొరల మాసిక ముందే వేసి పెట్టాను.

"అమ్మా, చిరగని చోట మాసికేంటి?"

"చిరుగుతుందిలే."

అది నా మొహం చూసింది. తీగ వైపు చూసింది. వెళ్ళి ఒక్కో లాగూ పట్టుకుని చూసి వచ్చింది.

"అవన్నీ తాతయ్యవా?"

"ఊఁ."

"అన్నీ కుడివైపే."

"ఊఁ."

బీరువా పాత చొక్కాలు రెండూ తీసి దాని చేతిలో పెట్టాను. మోచేతి మాసిక మీద వేలుంచి నిలబడింది. కాసేపటికి లోపలి గదిలోంచి పరుపు ఈడుస్తున్న చప్పుడైంది.

ముందు నా మీదే ప్రయోగం. కాలరు వదిలేసి మోచేతి దగ్గర పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. "లాగకే, సిలిండరు జరుపుతున్నావనుకో. నువ్వు కిందికెళ్ళు, అది నీ మీద ఒరుగుతుంది" అన్నాను. రెండోసారి దాని కుడి మోకాలు పరుపుకు తగిలింది, నా పాదాలు నేలను వదిలాయి. బీరువా చెప్పింది నిజం. మా గదిలో ఫ్యాను రెక్కల మీదా దుమ్ము పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చేసరికి ముందుగదిలో పరుపు, దాని మీద వెల్లకిలా నేను.

"ఏమైంది?"

"నాన్నా, నువ్వు రా, అమ్మ అలిసిపోయింది" అంది మిడత.

"నాకు షాపుంది" అన్నారాయన, ఆదివారం షాపు మూతని మరిచిపోయి. అయినా కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టారు. రెండుసార్లు పడ్డారు. రెండోసారి పడి లేస్తూ, "మోకాలేంటి?" అన్నారు. మిడత తీగ మీది లాగులు చూపించింది. ఆయన ఒకటికి రెండుసార్లు చూశారు.

"ఇప్పుడు నువ్వు చెయ్యి నాన్నా. అమ్మ మీద."

"ఛ, ఛ."

"నా మీద నమ్మకం లేదా, పరుపు మీద లేదా?" అన్నాను.

వచ్చి నా మోచేతి దగ్గర పట్టుకున్నారు. తరవాత ఏమైందో నాకూ సరిగా తెలియదు, తలెత్తితే ఫ్యాను కనపడింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఆయన నన్ను కింద పడెయ్యడం అదే మొదలు. నా బరువెంతో ఇక్కడ రాయను గానీ, పడిందొక పువ్వు కాదు. నేనూ మిడతా పగలబడి నవ్వాం.

ఆయన నవ్వలేదు. ఒక మోకాలి మీద అలాగే ఉండిపోయి తన చేతివంక చూసుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు.

మేమిద్దరం నవ్వు ఆపేశాం.

"ఇంతేనా ఇది?"

తరవాత లేచి, చేతులు కడుక్కుని భోంచేశారు. మర్నాడు షాపులో ఒకావిడ కళ్ళజోడుకు రెండూ ఎడమ కాడలే బిగించి పంపించారట. ఆవిడ చెవికి తగిలించుకోలేక తిరిగొచ్చింది.

*

పరీక్ష నాలుగు రోజులుందనగా మిడత నా పక్కన చేరింది.

"తాతయ్య ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోరు."

"మరి?"

"ఆయన చెప్పినట్టు చేస్తే?"

"పడగొట్టలేను. అది ఖాయం. ఇలా చేస్తే పడగొడతాను, కానీ ఇది విసురే కాదంటారు. ఎలా చేసినా నా పేరు బోర్డెక్కదు." మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుంది. "పిల్లలకి పడడమే నేర్పుకుంటూ కూచుంటాను. ఎప్పటికీ."

మిడతకు అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. తల నిమిరాను.

ఆ మర్నాడు తీగ మీద రెండు లాగులే ఉన్నాయి.

గాలికి ఎగిరిందేమోనని కింద వెతికాను. లేదు. మిడతనడిగాను, తీయలేదంది. బీరువానడిగితే, "నాకెక్కడ సరిపోతుంది వదినా" అన్నాడు.

తరవాతి రోజు తెల్లవారుతూనే హాలు తుడుద్దామని బకెట్టు పట్టుకుని దిగాను. తలుపు ఓరగా తెరిచుంది. లోపల మామగారు ఒక్కరే ఉన్నారు. ఎదురుగా మనిషి లేడు. లేని మనిషి మెడ కోసం ఎడమ చెయ్యి చాపారు. మడమలు పైకి లేచాయి. దించుకున్నారు. మళ్ళీ చాపారు, మళ్ళీ లేచాయి. మూడోసారి కళ్ళు మూసుకున్నారు. అప్పుడు ఆయన చెయ్యి తనంతట తానే కిందికి వచ్చి, గాలిలో ఒక మోచెయ్యి ఉండాల్సిన చోట ఆగింది. ఒళ్ళు మెల్లగా కిందికి దిగింది. కుడి మోకాలు మ్యాటు మీద ఆనింది.

అలాగే ఉండిపోయారు. లేవలేకపోతున్నారేమో అనుకుని బకెట్టు కింద పెట్టి లోపలికి వెళ్ళబోయాను. ఆయన తలెత్తి గోడ మీది ఫోటోను చూస్తున్నారు. లేవలేక కాదని అర్థమైంది. బకెట్టు చప్పుడవకుండా ఎత్తుకుని పైకి వచ్చేశాను. ఆ పూట హాలు తుడవలేదు.

మధ్యాహ్నం పుస్తకం పని ఉంటుందేమోనని కాగితాలు సర్దుకున్నాను. "ఇవాళొద్దమ్మాయ్" అన్నారు. మిడతతో గానీ నాతో గానీ ఇంకేమీ అనలేదు. పరీక్ష ముందురోజు అది కాళ్ళకు దణ్ణం పెడితే, "అన్నం తిని త్వరగా పడుకో" అన్నారు. అంతే.

*

పరీక్షరోజు పాత శిష్యులు చాలామంది వచ్చారు. తలలు నెరిసినవాళ్ళు, వేరే ఊళ్ళలో హాళ్ళు నడిపేవాళ్ళు. గోడ వారగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మామగారు ఫోటో కింద కుర్చీలో. నేను మెట్ల తలుపు దగ్గర నిలబడ్డాను. మా ఆయన షాపు మూసి వచ్చి నా వెనక నిలబడ్డారు. గుమ్మానికి ఇవతలే.

మిడత మ్యాటు మీదికి వచ్చింది. కొత్త లాగు మీద మాసిక చూసి ఎవరో కిసుక్కుమన్నారు. బీరువా దానికెదురుగా నిలబడి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక మొహం పక్కకు పెట్టుకున్నాడు.

జరిగింది చెప్పడానికి పట్టేంతసేపు కూడా పట్టలేదు. దాని చెయ్యి అతని మోచేతి మీద పడింది, అది కనపడకుండా పోయింది, బీరువా గాల్లో కనపడ్డాడు. నేను మాత్రం ఈసారి అతన్ని చూడలేదు. మోకాలినే చూశాను. ఆ దెబ్బకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బీరువా లేచి కూర్చున్నాడు. అతనికి మిడతంటే సొంత కూతురితో సమానం. అయినా అబద్ధమాడలేని మనిషి.

"గురువుగారూ, పడ్డానండి. శుభ్రంగా పడ్డాను. కానీ..." మిడత వంక చూశాడు. "ఇది మన పెద్ద విసురు కాదండీ. కాలరు పట్టలేదు. మోకాలు కూడా వేసిందనుకుంటాను."

మిడత తల దించుకోలేదు. తాత వంకే చూస్తోంది.

"మళ్ళీ చెయ్యి" అన్నారు మామగారు.

చేసింది. బీరువా మళ్ళీ పడ్డాడు.

"మళ్ళీ. ఈసారి మెల్లగా. అందరూ వీణ్ణి చూడకండి, దాన్ని చూడండి."

మూడోసారి మెల్లగా చేసింది. మెల్లగా చేసినా బీరువా పడ్డాడు. పడి, ఇక లేవడం దండగని అక్కడే పడుకున్నాడు.

మామగారు తన కింద మడతపెట్టుకు కూర్చున్న గుడ్డేదో లాగి తీశారు. దులిపి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. తీగ మీంచి మాయమైన లాగు. అంతమంది పెద్దమనుషులూ నోళ్ళు తెరుచుకుని మా మామగారి పాత లాగు వంక చూశారు.

"ఇది నాది. మా కోడలు నేల తుడుచుకోవడానికి ఉంచుకుంది" అన్నారు. మాసికలు మూడూ వేలితో తట్టి చూపించారు. "కాలరు పట్టుకుంటాను, నిలబడి విసురుతానని మీకందరికీ చెప్పాను. అక్కడికి నా చెయ్యి ఎప్పుడూ అందలేదు. మొన్న పొద్దున చూసుకున్నాను." ఫోటో వైపు తిరిగారు. "నేను మొదటిసారి ఆయన్ని విసిరినప్పుడు, ఆయన కింద పడి, లేవకుండా చాలాసేపు నవ్వారు. అచ్చం ఆయన చేసినట్టే చేశానని సంతోషపడ్డారనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే తలుచుకుని మురిసిపోయాను. ఆయన నా మోకాలు చూశారు. నేనే చూసుకోలేదు."

గోడ వారన కూర్చున్న పొట్టివాళ్ళు ఒకరిద్దరు వంగి తమ మోకాళ్ళు తడుముకున్నారు.

"బోర్డు దించండి. దీని పేరు రాయాలి" అన్నారు. అప్పుడు చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నేల మీద పడుకునున్న బీరువా.

మిడత పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. దాని కొత్త లాగు మాసిక ఒక అంచున ఊడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన లేరు. అప్పటికే పైకి వెళ్ళిపోయారు.

*

అందరూ వెళ్ళాక మామగారు ఒక్కో మెట్టు దగ్గరా సత్తువ కూడదీసుకుంటూ పైకి వచ్చారు. మెట్లు ఎత్తుగా కట్టారని అనలేదు. వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"పెన్ను తీసుకో. పద్నాలుగో అధ్యాయం కొట్టెయ్యాలి."

"కొట్టెయ్యక్కర్లేదు మామయ్యా. రబ్బరు చాలు. పెన్సిలుతోనే రాశాను."

నా వంక చూశారు. "ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ."

"గడుసుదానివి" అన్నారు. ఈసారది పొగడ్తేనని వెంటనే తెలిసింది.

మా ఆయన గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నారు. ఒకటి వేసుకున్నారు, రెండోది చేతిలో ఉంది. షాపుకు వెళ్ళాలి, ఎవరికో కళ్ళజోడు ఇస్తానని మాటిచ్చాను అన్నారు, ఎవరూ అడక్కుండానే.

"ఒరేయ్, ఆగు" అన్నారు మామగారు.

ఆయన ఆగారు. తండ్రి ఏదో అనబోయి మానేశారు. మళ్ళీ మొదలుపెట్టారు.

"మూడు వేసవులు. మూడుసార్లూ నిన్ను కాలరే పట్టుకోమన్నాను."

"ఎప్పటి సంగతో నాన్నా. పోనీండి."

"పోనీకేంట్రా. మిగతావాళ్ళు అంతో ఇంతో వాళ్ళ దారి వాళ్ళు చూసుకున్నారు. నువ్వు నేను చెప్పింది చెప్పినట్టే చేశావు. అందుకే తప్పావు." ఆయన చేతులు కుర్చీ కోళ్ళను గట్టిగా పట్టుకున్నాయి. "నీకు చేతకాక కాదు. నేను తప్పు చెప్పాను. తప్పు నాదేరా."

మా ఆయన బూటు కింద పెట్టారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, తుడిచిందే తుడిచారు. నేను రబ్బరు వెతుక్కోవడానికన్నట్టు సొరుగులోకి తల దూర్చాను.

మామగారు గుమ్మం వైపు చూశారు. కొడుకు పాదాల పక్కన, ఆరేళ్ళుగా సాగి సాగి ఆయన కాలికి కుదురుకున్న ఆ చెప్పులున్నాయి. వాటిని చాలాసేపు చూసి, ఎలాగూ నోరు తెరిచాను కదా అన్నట్టు, నిట్టూర్చారు.

"ఆ చెప్పులు కూడా నావి కావురా" అన్నారు.